జ్వరం ప్లీడరు

మొదట్లో నా చేతిలో ఉన్న సరుకు ఇంతే: నలభై ఆరేళ్ళ వయసు, మా నాన్న వదిలిపోయిన మేకుల కొట్టు, సాయంత్రం కాలేజీలో అయిదేళ్ళు కునికిపాట్లు పడుతూ సంపాదించిన లా పట్టా, జరగని పరీక్షకి వచ్చిన ఒక హాల్ టికెట్టు. ఇంకేమైనా ఉందా అని వెతుక్కుంటే నోరు ఉంది. పాతికేళ్ళు కొట్లో కూర్చున్నవాడికి నోరు లేకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు ఆ నోరు మూసుకుని కోర్టు వరండాలో బెంచీ మీద, మూత తియ్యని అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గోడ గడియారం ఒంటిగంటా అయిదు చూపిస్తోంది. రెండింటికి జడ్జీగారు మళ్ళీ వచ్చి కూర్చుంటారు, నేను వకీలునో కాదో చెబుతారు. కాదంటే నాకొచ్చే కరువేం లేదు, మేకులు కుళ్ళిపోయే సరుకు కాదు, రేపు పొద్దున్నే వెళ్ళి షట్టరు ఎత్తుకుంటాను. కానీ కింద లాకప్పు గదిలో లారీ డ్రైవరు ఉన్నాడు. రేపటి నుంచి కోర్టుకి రెండు నెలల సెలవులు. ఇవాళ వాడి బెయిలు వినకపోతే వాడు ఆ రెండు నెలలూ లోపలే. ఇప్పటికే పద్నాలుగు నెలలయింది. పద్నాలుగూ రెండూ పదహారు. ఉదయం నుంచీ ఈ కూడిక చేస్తూనే ఉన్నాను, ఎన్నిసార్లు చేసినా పదహారే వస్తోంది.

ఉదయం పదకొండింటికి కేసు పిలిచారు. నేను లేచి "మేడమ్" అన్నాను. ఆ మాట పూర్తిగా బయటపడక ముందే సర్కారు వకీలు లేచాడు. ముప్పై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయేమో, కోటు ఇస్త్రీ మడత మీద వేలు పెడితే తెగుతుంది. "మేడమ్, వీరిది మినహాయింపు కార్డు. వకీళ్ళ మండలి ఇచ్చిన గడువు నిన్నటితో అయిపోయింది. వీరు పరీక్ష రాయలేదు. ఇక ఎవరి తరఫునా మాట్లాడటానికి వీల్లేదు" అని సర్క్యులరు పైకి పంపాడు. వెనక బెంచీలోంచి ఎవరో "జ్వరం ప్లీడరు" అన్నారు, వినపడీ వినపడనట్టు, అంటే నాకు మాత్రం బాగా వినపడేట్టు. జడ్జీగారు కాగితం చదివి, కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "రాయలేదా?" రాయలేదన్నాను. "ఎందుకు?" ఇదిగో, ఇక్కడ ఆగిపోయాను. నూట ఎనభై మూడు కేసుల్లో లేచి నిలబడ్డవాణ్ణి, పైసా బేరం దగ్గర కూడా మాట తడబడనివాణ్ణి, ఆ ఒక్క మాటకి జవాబు లేక నోరు తెరుచుకుని నిలబడ్డాను. "మధ్యాహ్నం రెండింటికి చూద్దాం" అని ఆవిడ లేచి వెళ్ళిపోయారు. ఎందుకు? కుళాయి ఎక్కడో సరిగ్గా కట్టలేదు, వరండా చివర బొట్లు పడుతున్నాయి, ఒక్కో బొట్టూ ఎందుకు, ఎందుకు అంటున్నట్టే ఉంది.

ఎందుకంటే, వాళ్ళే వద్దన్నారు కనక. మేం అడిగామా? ఆ జ్వరాల ఏడాది నాకు హాల్ టికెట్టు వచ్చిన బడిలో బల్లలు తీసేసి మంచాలు వేశారు. పరీక్ష ఎక్కడ రాస్తావ్, పేషెంటు పొట్ట మీదా? ఊళ్ళు మూశారు, రోడ్లు మూశారు, బయటికి వచ్చినవాణ్ణల్లా పట్టుకుని లోపల వేశారు. పాల ప్యాకెట్టు కోసం వచ్చినవాణ్ణీ వేశారు, పెళ్ళాం పురిటికి ఆటో కోసం వెతికినవాణ్ణీ వేశారు. జైళ్ళు నిండిపోయాయి. పెద్ద పెద్ద వకీళ్ళు ఇంట్లో తలుపులు బిడాయించుకుని, ఫోన్లో "అయ్యో, ఈ పరిస్థితుల్లో ఎలాగండీ" అన్నారు. అప్పుడు మండలివాళ్ళకి మేం గుర్తొచ్చాం. పట్టా ఉంటే చాలు, పరీక్ష అక్కర్లేదు, వెంటనే రండి అని నోటీసు. నలభై మందిమి వెళ్ళాం. కోర్టు పెరట్లో బారెడు దూరం బారెడు దూరంలో నిలబెట్టి ప్రమాణం చేయించారు. గుమాస్తా మా దగ్గరికి రావడానికి భయపడి, పళ్ళు కోసే చిక్కం కర్ర ఉంటుందే, దాంట్లో కార్డులు వేసి ఒక్కొక్కరికీ అందించాడు. జామపండు అందుకున్నట్టు అందుకున్నాను నా వకీలు కార్డు. ఆ రోజు మండలి పెద్దాయన కుర్చీలోంచి లేచి, దూరం నుంచే దణ్ణం పెట్టి, "మీరు ధైర్యవంతులు, ఈ వృత్తి మీకు రుణపడి ఉంటుంది" అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. రెండేళ్ళు గడిచి, జ్వరం తగ్గి, మాస్కులు తీసి ఒకరి మొహాలొకరు చూసుకున్నాక, మా మొహాలు వాళ్ళకి నచ్చలేదు.

లారీ డ్రైవరు భార్య ఈ బెంచీకే ఆ చివర కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచీ, దాంట్లో ఇస్త్రీ చేసిన చొక్కా. ప్రతి వాయిదాకీ ఆ చొక్కా తెస్తుంది, ప్రతిసారీ తిరిగి తీసుకుపోతుంది, మళ్ళీ వాయిదాకి మళ్ళీ ఇస్త్రీ చేస్తుంది. వేసుకోకుండానే చొక్కా రంగు వెలిసిపోతోంది. ఉదయం లోపల జరిగినదంతా తలుపు దగ్గర నిలబడి వింది. ఎంత అర్థమయిందో తెలియదు.

"అన్నయ్యా, మీరు వకీలు కాదంటున్నారేంటి వాళ్ళు?"

"కార్డు గడువు అయిపోయిందమ్మా."

"మా ఆయన లైసెన్సు కూడా అయిపోయింది, లోపలుండగా. అంతమాత్రాన ఆయనకి లారీ తోలడం రాకుండా పోద్దా?"

ఆవిడ సంచీ మూతి ముడి వేసుకుని, విప్పుకుని, మళ్ళీ వేసుకుంటోంది. "ఇవాళ అవుద్దా, అవదా, అది చెప్పండి చాలు" అంది. అవుతుందమ్మా అన్నాను. కొట్లో ఇలాగే అంటాను, సరుకు రేపు వస్తుందమ్మా అని, రాదని తెలిసీ. అని అలవాటయిపోయింది. కానీ అక్కడ రాకపోతే ఓ తలుపుకి గడియ ఒక రోజు ఆలస్యంగా పడుతుంది, అంతే.

ఒంటిగంటా ఇరవై. బంట్రోతు అటు వెళుతూ ఆగాడు. "మేకుల ప్లీడరుగారూ, తినండి బాబూ. తీర్పు ఎటు తిరిగినా అన్నం చల్లారిపోద్ది." నవ్వాను. ఈ కోర్టులో నాకు రెండు పేర్లు, ఇష్టమైనవాళ్ళు మేకుల ప్లీడరంటారు, కానివాళ్ళు జ్వరం ప్లీడరంటారు. రెండూ అబద్ధం కాదు. మొదటి రోజుల్లో నేను చేసిన ఘనకార్యాలు అలాంటివి మరి. మొట్టమొదటి బెయిలు ఇదే జడ్జీగారి ముందు. ఆవిడ "వారానికి రెండుసార్లు స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టాలి" అన్నారు. నా నోరు ఊరుకోలేదు, "చివరి మాట చెప్పండి మేడమ్" అనేశాను. టైపిస్టు దగ్గర నుంచి పోలీసు దాకా గొల్లుమన్నారు. చెవుల్లోంచి పొగలొచ్చాయి నాకు. ఆవిడ మాస్కు పైన కళ్ళు మాత్రం చిన్నవయ్యాయి. "వారానికి ఒకసారి. ఇదే చివరి మాట" అన్నారు. ఏ పరీక్షలోనైనా ఇది తప్పే, సున్నా మార్కులే. మనిషికి మాత్రం వారానికి ఒక రోజు మిగిలింది.

మిగిలినవే చెబితే బేరం చేసినట్టుంటుంది, పోయినవీ చెప్పాలి. ఒక పెయింటరు, గోడలకి సున్నాలు వేసేవాడు, శుక్రవారం బెయిలు తెచ్చాను, కాగితం పట్టుకుని తీరిగ్గా టీ తాగి జైలుకి వెళ్ళాను. గేటు పక్క కిటికీ అయిదింటికే మూసేస్తారని నాకు తెలియదు. అయిదూ ఏడయింది. మధ్యలో రెండు రోజుల సెలవు. సోమవారం దాకా, మూడు రాత్రులు ఆ పెయింటరు నా అజ్ఞానం వల్ల లోపల పడుకున్నాడు. ఆ గదిలో జ్వరం ఉంది. అతనికి రాలేదు, అది నా గొప్ప కాదు, అతని అదృష్టం. ఆ మూడు రాత్రులూ నా తప్పు కింద రాసుకున్నాను. జైలు కిటికీ ఎన్నింటికి మూస్తారో ఏ పరీక్షలో అడుగుతారో మాత్రం ఎవరైనా చెప్పండి. పరీక్ష పాసైన మా సర్కారు వకీలుని ఇప్పుడు పిలిచి, అసలు ఆ కిటికీ ఏ వైపు ఉందో అడగండి.

మా నాన్న వకీలు కూడా పరీక్ష పాసైనవాడే. గోడకి అద్దం కట్టించిన పట్టాలు మూడు ఉండేవి. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. తూనికల అధికారి కొట్టుకి వచ్చి, త్రాసు తప్పు తూస్తోందని కేసు రాశాడు. మా నాన్న త్రాసు! రోజూ పొద్దున్న షట్టరు ఎత్తగానే ఆయన చేసే మొదటి పని అది: ఒక పళ్ళెంలో రాయి, ఇంకో పళ్ళెంలో మేకులు, ముల్లు నిటారుగా నిలబడేదాకా తూచి, అప్పుడు రాయీ మేకులూ అటువి ఇటు, ఇటువి అటు మార్చేవాడు. మార్చినా ముల్లు కదలకపోతే త్రాసు నిజం. కదిలితే ఆ రోజు దాని మోసం సరిచేసేదాకా అమ్మకం లేదు. "ఒకవైపు తూచి నమ్మకురా, మార్చి చూడు. మార్చి చూడనివ్వని త్రాసుని ఇంట్లో పెట్టుకోకు" అనేవాడు. కేసు రోజున త్రాసు కోర్టు బల్ల మీదే ఉంది, సాక్ష్యంగా తెచ్చారు. మా వకీలు లేచి ఒక్క మాట అనుంటే చాలు, మార్చి, పళ్ళెం తిప్పి చూడండి అని. ఒక పళ్ళెం కింద, అధికారి బల్ల మీద ఉండే జిగురే, ముద్దగా అంటుకుని ఉంది, నేను అంత దూరం నుంచి చూశాను, నాన్న చూశాడు, సైగ చేశాడు. వకీలుగారు చేతి గడియారం చూసుకున్నాడు. "ఒప్పేసుకోండి, చిన్నదేగా, మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్ళొచ్చు" అన్నాడు. నాన్న ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చాం. తరవాత పదకొండేళ్ళు బతికాడు గానీ మళ్ళీ గల్లా పెట్టె దగ్గర కూర్చోలేదు, వెనక గదిలో తాళ్ళు చుట్టుకుంటూ ఉండేవాడు. ఎవరైనా ఎక్కువ తూచి ఇమ్మని వేళాకోళం ఆడితే నా వంక చూసేవాడు. నేను నలభై ఒకటో ఏట సాయంత్రం కాలేజీలో ఎందుకు చేరానని మా ఆవిడ అడిగితే, కొట్టు కేసులు మనమే చూసుకోవచ్చని చెప్పాను. అదొక అబద్ధం. ఆ గడియారం చూసుకున్న చెయ్యి నా కళ్ళముందు నుంచి పోలేదు, అంతే.

ఒంటిగంటా ముప్పై అయిదు. మా ఆవిడ అన్న మాట కూడా చెప్పాలి. మొన్న రెండో ఆదివారం పరీక్ష. మండలివాళ్ళు మళ్ళీ హాల్ టికెట్టు పంపారు, అదే బడి, మంచాలు తీసేసి మళ్ళీ బల్లలు వేశారు. శనివారం రాత్రి దాన్ని తను ఫ్రిజ్జు మీద, నాకు కనపడేట్టు పెట్టింది. "రాసెయ్యండి. పోయేదేముంది, మూడు గంటలు" అంది. "నూట ఎనభై మూడు కేసులు చేసినవాణ్ణి ఇప్పుడు పలకా బలపం పట్టుకోమంటావా? రాయను" అన్నాను. "పౌరుషం మీది, పదిమంది పని దానిమీద ఉందని మర్చిపోకండి" అంది. ఆదివారం పొద్దున్న వెళ్ళి కొట్టు తెరిచాను. ఆదివారం ఎవడు కొంటాడు మేకులు? మూడు గంటల సేపు, సరిగ్గా పరీక్ష జరిగే మూడు గంటలూ, తూచిన మేకులే మళ్ళీ తూచాను. సాయంత్రం డబ్బా కడుగుతూ తను నా వంక చూడకుండా, "ముల్లు నిలబడిందా?" అంది. ఇరవై రెండేళ్ళ కాపురం, ఎక్కడ గుచ్చితే దిగుతుందో తెలుసు.

ఆ మాట అప్పుడు దిగలేదు, ఇప్పుడు దిగుతోంది, ఈ బెంచీ మీద. మార్చి చూడనివ్వని త్రాసుని ఇంట్లో పెట్టుకోకు. నేను చేసింది అదే కాదూ? నా త్రాసు నిజమైతే మార్చి చూడనిస్తే ఏం? నలభై తొమ్మిదేళ్ళవాడు, సెక్షన్ల నంబర్లు పొద్దున్న చదివితే సాయంత్రానికి ఉండవు, ఒకవేళ తప్పితే? తప్పితే నా కార్డు పోతే పోయింది, ఆ నూట ఎనభై మూడూ దొంగసరుకు అయిపోవూ? ఆ పెయింటరు, ఆ పాల ప్యాకెట్టువాడు, అందరూ నిజంగా బయటికొచ్చారా, లేక జ్వరం తగ్గేదాకా లోకం ఊరుకుందా? ఎందుకు రాయలేదంటే ఇది: భయం. పౌరుషం అని కాగితం చుట్టి అమ్మాను, మా ఆవిడ కాగితం విప్పి చూసింది. సరే. ఒప్పుకున్నాను. కానీ ఆగండి, ఇంకో పళ్ళెం కూడా ఉంది. మా తూకం రాళ్ళకి ఏడాదికోసారి ముద్ర వెయ్యాలి, ఇనుము కూడా అరుగుతుంది కనక. జ్వరం రెండేళ్ళూ తూనికల ఆఫీసు మూసే ఉంది, ముద్ర లేని రాళ్ళతోనే ఊరు ఊరంతా తూచి అమ్మింది, కొన్నది, తిన్నది. ఎవరూ చావలేదు. ఆఫీసు తెరిచాక రాళ్ళు మోసుకెళ్ళి ముద్ర వేయించుకొచ్చాను, సిగ్గు పడలేదు, ఎందుకంటే క్యూలో అందరూ ఉన్నారు, కొత్తవాడూ పాతవాడూ, పెద్ద కొట్టూ చిన్న కొట్టూ. మరి వకీళ్ళ క్యూలో మేం నలభై మందిమే ఎందుకున్నాం? ఆ ఇస్త్రీ కోటాయనకి ఎప్పుడో ఒకసారి వేసిన ముద్ర చచ్చేదాకా చెల్లుతుందా? మనిషి ఇనుము కంటే తక్కువ అరుగుతాడా?

లారీ డ్రైవరు కాగితాలు ఆ సర్కారు వకీలు చదవలేదు. ఎలా తెలుసంటే, చదివినవాడి కాగితాల అంచులు నలుగుతాయి. ఈ డ్రైవరు జ్వరం రెండో ఏడు మళ్ళీ ఊళ్ళు మూసిన రోజుల్లో ఆసుపత్రికి మందుల లోడు దింపి ఖాళీ లారీతో వస్తున్నాడు. దారిలో సొంత ఊళ్ళకి నడిచిపోతున్న కూలీలు. యాభై నాలుగు మందిని ఎక్కించుకున్నాడు. వాళ్ళలో ఒకావిడ, బట్టల మిల్లులో పనిచేసేది, తెల్లవారేసరికి చనిపోయింది. డ్రైవరు లారీకి టార్పాలిన్ కప్పి గాలాడకుండా చేసి ఆమె చావుకి కారణమయ్యాడని కేసు. వాడికి ముందు పెట్టిన వకీలు, ముద్ర ఉన్నవాడే, ఆరు నెలల్లో ఒక్కసారి జైలుకి వెళ్ళలేదు. నేను వెళ్ళాను, కాగితాలన్నీ చదివాను, నాకు చట్టం కంటే ముందు సరుకు జాబితా కనపడుతుంది, అది నా రోగం. లారీని పట్టుకున్నప్పుడు అందులో దొరికిన వస్తువుల జాబితా ఇరవై రెండో పేజీలో ఉంది. పదకొండు వస్తువులు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. టార్పాలిన్ లేదు. "టార్పాలిన్ ఏదిరా?" అన్నాను. "ఆసుపత్రి బయట ఎండలో జనాన్ని పడుకోబెట్టారన్నా, వాళ్ళ మీద కట్టి వచ్చేశాను" అన్నాడు, అదేదో తప్పు చేసినట్టు తల దించుకుని. ఆ మాట వాణ్ణి అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

మా కొట్లో సరుకు దిగినప్పుడు లోడు తెచ్చినవాడు కాగితం ఇచ్చి పోతే ఊరుకోను. కాగితం జేబులో పెట్టుకుని, నోటితో ఒక్కొక్కటీ చెప్పి అప్పజెప్పాలి. కాగితం కళ్ళు చదివేస్తాయి, నోరు చెప్పేటప్పుడే ఏది దారిలో జారిపోయిందో బయటపడుతుంది. జైల్లో కూడా నాది అదే పద్ధతి, ప్రతివాడి చేతా వాడి కేసు వాడికే అప్పజెప్పిస్తాను. తారీఖులు, పేజీలు, ఎవడేం రాశాడు, ఎక్కడ అబద్ధం. తోటి వకీళ్ళు నవ్వుతారు, ఎక్కాలు చెప్పిస్తున్నావా అని. డ్రైవరు మాత్రం మొదటిసారే నవ్వి, "అన్నా, నేను జీవితమంతా అప్పజెప్పేవాణ్ణే, నాకు నేర్పక్కర్లా" అన్నాడు. ఎనిమిది నెలలుగా ప్రతి గురువారం ఊచల అవతల నిలబడి అప్పజెబుతున్నాడు, ఒక్క పేజీ తప్పకుండా, ఒకసారి నేనే ఓ తారీఖు తప్పు చెబితే దిద్దాడు కూడా.

ఒంటిగంటా యాభై. అన్నం డబ్బా ఒళ్ళోంచి తీసి బెంచీ మీద పెట్టాను. ఎంత వెర్రివాణ్ణి! ఈ గంటంతా నన్ను మాట్లాడనిస్తారా లేదా అని గడియారం చూస్తున్నాను, ఎప్పుడో ఒకడు గడియారం చూసుకున్నట్టే. సరుకు నాది కాదు కదా. సరుకు ఎవడిదో వాడి నోట్లోనే ఉంది, మొత్తం, పేజీ నంబర్లతో సహా. నా మీద ముద్ర లేకపోతే వాడి మీద ఎవడు వేశాడు అడ్డం? లేచి నిలబడ్డాను. మోకాలు పట్టేసింది. డ్రైవరు భార్య కూడా లేచింది, చొక్కా సంచీ గుండెలకి ఆనించుకుని.

"ఏమైందన్నయ్యా?"

"ఏం కాలేదు. మీ ఆయనకి గొంతు బాగుందా అమ్మా, జలుబూ గిలుబూ లేదుగా?"

"ఆయన గొంతా? హారన్ పాడయితే గొంతుతోనే దారి తప్పించేవాడు."

రెండింటికి జడ్జీగారు వచ్చారు. డ్రైవర్ని బోనులోకి తెచ్చారు. నేను నా బల్ల దగ్గర నల్లగౌను విప్పి, మడత పెట్టి, దాని మీద కార్డు పెట్టాను. "మేడమ్, ఉదయం ఎందుకు రాయలేదని అడిగారు. భయపడి రాయలేదు. వచ్చేసారి రాస్తాను. కానీ ఒక్క మనవి. మేకులు తూచే రాయికి ఏడాదికోసారి ముద్ర వేస్తారు మేడమ్, అరిగిపోతుందని. ఈ సర్కారు వకీలుగారికి ఎప్పుడో ఒకసారి వేశారు. నా పక్క బల్ల మీద వీరిని కూడా కూర్చోబెడితే, ఇద్దరం కలిసి రాస్తాం." సర్కారు వకీలు "మేడమ్, ఇది వ్యక్తిగత..." అంటూ లేచాడు. వెనక బెంచీలో నవ్వు వచ్చింది, ఈసారి గొణుగుడు కాదు. ఆవిడ పెన్నుతో బల్ల మీద కొట్టారు. "అది మండలి చూసుకుంటుంది. మీ గడువు అయిపోయిన మాట నిజమే. మీ మాట నేను వినలేను. కేసు సెలవుల తరవాత..."

"నా మాట వద్దు మేడమ్. ముద్దాయి మాట వినండి. తన మాట తను చెప్పుకోడానికి ఏ మండలీ ఇంకా పరీక్ష పెట్టలేదు."

అని, ఇంకేం అనక ముందే వెనక్కి నడిచి, జనం కూర్చునే వరసలో డ్రైవరు భార్య పక్కన కూర్చున్నాను. జడ్జీగారు డ్రైవరు వంక చూశారు. "చెప్పగలవా?" అన్నారు. వాడు నా కోసం వెతికాడు, దొరికాను, గురువారం ఊచల దగ్గర ఊపినట్టే తల ఊపాను. అప్పజెప్పు.

"చెప్తానమ్మా. ఇరవై రెండో పేజీ. నా బండిలో పట్టుకున్నవి. స్టెప్నీ ఒకటి. జాకీ ఒకటి. తాడు రెండు చుట్టలు. నీళ్ళ క్యాను ఒకటి. స్పానర్ల సంచీ ఒకటి. టార్చి లైటు. దుప్పటి ఒకటి. గిన్నెలు రెండు. స్టవ్వు ఒకటి. బండి కాగితాల ఫైలు. చెప్పుల జత ఒకటి, అవి నావి కాదు, చనిపోయినావిడవి. పదకొండమ్మా. కేసు కాగితం మూడో పేజీలో టార్పాలిన్ కప్పానని రాశారు. ఆ టార్పాలిన్ ఈ పదకొండులో లేదమ్మా. ఆసుపత్రి బయట కట్టొచ్చాను, ముప్పై ఒకటో పేజీలో ఆసుపత్రి చీటీ ఉంది, లారీ డ్రైవరు ఇచ్చిన టార్పాలిన్ ఒకటి అని నర్సమ్మ సంతకం." ఊపిరి తీసుకున్నాడు. ఆ తరవాతది మేం అప్పజెప్పుకున్నది కాదు. "అమ్మా, ఖాళీ బండితో వెళుతున్నాను, మనుషులు నడిచిపోతున్నారు. లైసెన్సు పరీక్షలో నన్ను చాలా అడిగారు, ఎర్రలైటు, పచ్చలైటు, మలుపు. ఇలాంటప్పుడు ఆపాలా వద్దా అని మాత్రం అడగలేదమ్మా. నాకు నేనే ఆపాను."

జడ్జీగారు ఇరవై రెండో పేజీ తిప్పారు, వేలు పెట్టి కిందికి లెక్కపెట్టారు, పదకొండు దగ్గర ఆగారు. "టార్పాలిన్ ఏదండీ?" అని సర్కారు వకీలుని అడిగారు. ఆయన కాగితాలు తిప్పుతూనే ఉన్నాడు. కొత్త కాగితాలు, అంచులు అప్పుడే నలగడం మొదలుపెట్టాయి. చప్పుడు బాగుంది.

మూడు కావస్తుండగా బెయిలు కాగితం చేతికొచ్చింది. "వారానికి ఒకసారి సంతకం" అన్నారు ఆవిడ. నా వంక చూసి ఒక్క క్షణం ఆగారు. నేను నోరు మూసుకున్నాను. "నెలకి రెండుసార్లు" అన్నారు. నా కార్డు, గౌను బల్ల మీదే ఉండిపోయాయి, మండలికి పంపుతారట, పంపనీ. పరిగెత్తడానికి కార్డు అక్కర్లేదు. డ్రైవరు భార్యతో ఆటో ఎక్కి జైలు గేటు పక్క కిటికీ దగ్గరికి చేరేసరికి నాలుగూ ఇరవై. ఆ పెయింటరు పడుకున్న మూడు రాత్రులు ఇవాళ ఉపయోగపడ్డాయి, అతనికి చెప్పాలి.

ఆరింటికి వాడు బయటికొచ్చాడు. భార్య సంచీలోంచి చొక్కా తీసి ఇచ్చింది, రోడ్డు మీదే తొడుక్కున్నాడు. భుజాల దగ్గర జారిపోయింది, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. ఆవిడ రెండు చేతులా ఆ చొక్కా ముందుకీ వెనక్కీ సర్ది సర్ది, సరిపోక, వదిలేసింది. "సరుకు సరిగ్గా చూసుకుని తీసుకోమ్మా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"తూకం తగ్గిందన్నయ్యా" అంది.

ముగ్గురం అన్నం డబ్బా మూత తీసి, గేటు ఎదురుగా గట్టు మీద కూర్చుని తిన్నాం. చల్లారిపోయింది, బంట్రోతు చెప్పినట్టే. ఇదీ చివరి లెక్క. పోయింది, చిక్కం కర్రతో అందుకున్న కార్డు ఒకటి. వచ్చింది, నూట ఎనభై నాలుగో మనిషి, పూర్తిగా. తరుగు పద్నాలుగు నెలలు. ఆ తరుగు ఎవరి పేరున రాయాలో నాకు తెలుసు. వచ్చే పరీక్షలో అడిగితే రాస్తాను, అడగకపోయినా రాస్తాను.